ఇద్దరు కరస్పాండెంట్ల బడి

మా పెద్ద టీచరుగారిని ఆమె భర్తా సస్పెండ్ చేశాడు, ఆమె అన్నా సస్పెండ్ చేశాడు. రెండు ఆర్డర్లూ ఒకే రోజున వచ్చాయి. మొదటిది అందుకుని సంతకం పెట్టింది. రెండోది చదివి, అందినట్టు దానికీ సంతకం పెట్టింది. "ఏదో ఒకటి చెల్లుతాది కదమ్మా, ఏది చెల్లితే దాని ప్రకారం ఇంటికెళ్లిపోతాను" అంది నాతో.

ఈ సంగతి ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. నవ్వడం అయ్యాక "అయితే తప్పెవరిది?" అని అడుగుతారు. ఆ ప్రశ్న కోర్టుకి కూడా చాలా ఏళ్లు పట్టింది. చివరికి కోర్టు కూడా జవాబు చెప్పలేదు. అందుకని నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మా ఊరికి దగ్గర్లో, చీపురుపల్లిలో బస్సు మారి వెళ్లాల్సిన చిన్న టౌను ఒకటుంది. అక్కడ క్రైస్తవ సంఘం వాళ్ల హైస్కూలుంది. ఎప్పుడో దొరసానులు కట్టించారు కాబట్టి చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ దొరసాని బడి అనే అంటారు. పొడుగాటి పెంకుల వసారా, వెనక ఆడపిల్లల బోర్డింగు, పక్కన చర్చి. మా నాన్న గోగు, వేరుశెనగ పండించే రైతు. మా ఇంట్లో నోములకీ పూజలకీ లోటు లేదు. అయినా నన్ను ఆరో తరగతిలో తీసుకొచ్చి ఆ బోర్డింగులో దింపేశాడు. "ఆళ్ల దేవుడు ఎవరైతే మనకేటి, ఆడపిల్లల్ని భద్రంగా సూస్తారు" అని మా అమ్మకి సర్దిచెప్పాడు.

నాన్న మాట నిజమే. పొద్దున్న ప్రార్థనలో నేనూ చేతులు కట్టుకుని నిలబడేదాన్ని. బొట్టు తియ్యమని ఎవరూ అనలేదు. పెద్ద టీచరుగారు అప్పటికింకా పెద్ద టీచరు కాదు, సైన్సు టీచరు. మందార పువ్వుని బ్లేడుతో నిలువుగా కోసి అరచేతిలో పెట్టుకుని బెంచీ బెంచీకీ తిరిగి చూపించేది. బోర్డింగులో ఎవరికి జ్వరమొచ్చినా ఆమె ఇంటి నుంచే గంజి వచ్చేది. నేను డిగ్రీ, పండిత శిక్షణ ముగించుకుని అదే బడికి తెలుగు టీచరుగా తిరిగొచ్చినప్పుడు ఆమె హెడ్మిస్ట్రెస్ కుర్చీలో ఉంది. "ఒసే, నువ్వా" అని నవ్వి, మరుక్షణం "మీరు" అని సరిచేసుకుని, స్టాఫ్‌రూము చూపించింది.

ఇలాంటి బళ్ల సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. జీతాలు ప్రభుత్వం ఇస్తుంది. నడిపేది మాత్రం సంఘం. సంఘం సభ్యులు కమిటీని ఎన్నుకుంటారు, కమిటీ తరఫున ఒకాయన కరస్పాండెంటుగా ఉంటాడు. ఆయన పాఠం చెప్పడు. కానీ ఆయన సంతకం లేకుండా బడిలో చీపురు కూడా కదలదు. మైనారిటీల బడిని మైనారిటీలే నడుపుకోవచ్చని రాజ్యాంగం ఇచ్చిన హక్కు అది. మంచి హక్కు. నేను దాని గురించి పదో తరగతి పిల్లలకి వ్యాసం రాయించాను కూడా.

పెద్ద టీచరుగారి భర్త చాలాకాలంగా కరస్పాండెంటు. బ్యాంకులో పనిచేసి వచ్చిన మనిషి, ఇస్త్రీ చొక్కా, నెమ్మదిగా మాట్లాడేవాడు. ఆమె అన్న రైల్వేలో రిటైరై సొంతూరు వచ్చి సంఘపెద్ద అయ్యాడు. గొంతు పెద్దది, నవ్వూ పెద్దదే. ఈయన ఆయన్ని బావా అంటాడు, ఆయన ఈయన్ని బావా అంటాడు. క్రిస్మస్ భోజనం ఒక ఏడాది ఈ ఇంట్లో, ఒక ఏడాది ఆ ఇంట్లో.

గొడవ బడి ముందున్న ఖాళీ జాగా దగ్గర మొదలైంది. నా చిన్నప్పుడు అక్కడ మేం చెమ్మచెక్క ఆడేవాళ్లం, ఊళ్లోవాళ్లు గోగునార ఆరబెట్టుకునేవారు. ఊరు పెరిగింది, రోడ్డు వెడల్పయింది. ఆ జాగా మీద షాపులు కట్టి అద్దెకిద్దామని భర్త అన్నాడు. అన్న చర్చిలో లేచి నిలబడి, "ఇది దేవుడి జాగా. కొట్లు పెట్టుకోడానికి కాదు" అన్నాడు. సంఘంలో సగంమంది చప్పట్లు కొట్టారు. మిగతా సగం ఎవరు చప్పట్లు కొట్టారో చూసి గుర్తుపెట్టుకున్నారు.

తర్వాత జరిగిన ఎన్నికల సమావేశంలో కుర్చీలు విరిగాయి. అన్న వర్గం చర్చి లోపల తలుపులేసుకుని కమిటీని ఎన్నుకుంది. భర్త వర్గం బయట చింతచెట్టు కింద నిలబడి ఇంకో కమిటీని ఎన్నుకుంది. సాయంత్రానికి మా బడికి ఇద్దరు కరస్పాండెంట్లు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కారు. కేసు తేలేవరకూ ఉన్నది ఉన్నట్టు ఉండాలని కోర్టు ఆర్డరిచ్చింది. ఉన్నది నేనే అని ఆయనన్నాడు. కాదు నేనే అని ఈయనన్నాడు.

బడి ఆఫీసు గదికి భర్త మనుషులు తాళం వేశారు. మర్నాడు అన్న మనుషులు వచ్చి అదే గడియకి ఇంకో తాళం వేశారు. ఇద్దరూ కలిసొస్తే తప్ప తెరుచుకోదు. ఇద్దరూ కలిసి రారు. పెద్ద టీచరుగారు వసారాలో బల్ల వేయించుకుని కూర్చుంది. జల్లు కొడితే బల్లని ఏడో తరగతిలోకి జరిపేవాళ్లం. టీసీలు, సర్టిఫికెట్లు, కొత్త సుద్దముక్కల పెట్టెలు అన్నీ ఆ గదిలోనే ఉండిపోయాయి. ఒక ఏడాది చర్చి వార్షికోత్సవానికి సెలవని ఒక సర్క్యులర్ వచ్చింది, బడి పెట్టాలని ఇంకో సర్క్యులర్ వచ్చింది. టీచర్లం సగంమంది వచ్చాం. పిల్లలు అంతకన్నా తక్కువమంది వచ్చారు. వచ్చినవాళ్లని ఒకే గదిలో కూర్చోబెట్టి నేను పద్యాలు చదివించాను.

ఇంటి దగ్గర ఆమె పరిస్థితి ఏమిటని అడగడానికి నాకు నోరు రాలేదు. ఒకరోజు ఆమే అంది. "రాత్రి నేను వడ్డిస్తే ఆయన తిన్నారమ్మా. పొద్దున్న బడికొచ్చి సూస్తే ఆయన దగ్గర్నుంచి మెమో. ఆఫీసు గదికి రెండో తాళం వెయ్యకుండా ఎందుకు ఆపలేదని."

"ఇంట్లోనే అడగొచ్చు కదండీ."

"ఇంట్లో అడిగితే రికార్డవదట."

ఇవన్నీ భరించవచ్చు, భరించాం. పదో తరగతి పిల్లల దగ్గరికొచ్చేసరికి ఇక కుదరలేదు. బడి గుర్తింపు గడువు ముగిసింది. మళ్లీ గుర్తింపు రావాలంటే దరఖాస్తు మీద కరస్పాండెంటు సంతకం ఉండాలి. గుర్తింపు లేకపోతే పిల్లల పేర్లు పరీక్షలకి వెళ్లవు. పెద్ద టీచరుగారు, నేను విజయనగరం వెళ్లి డీఈఓ ఆఫీసులో సూపరింటెండెంటుని కలిశాం. ఆయన మర్యాదగానే మాట్లాడాడు.

"మీకు ఇద్దరున్నారు కదమ్మా. ఒకాయన సంతకం తీసుకుంటే రెండో ఆయన కోర్టు ధిక్కారం వేస్తానని ముందే నోటీసిచ్చారు. ఇద్దరూ ఇచ్చారు. ఒకరు సంతకం పెట్టి, రెండోవారు అభ్యంతరం లేదని రాసిస్తే నాకేం ఇబ్బంది లేదు."

సాయంత్రం బస్సుకి తిరిగొచ్చాం. దిగాక "ఇంటికి రా, నువ్వుంటే ఆయన గొంతు పెంచరు" అంది. వెళ్లాను. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. నాకు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"సంతకం నేను పెడతాను. అభ్యంతరం లేదని మీ అన్నని రాయమను" అన్నాడు.

"ఆయన రాయనంటే మీరు రాయండి. ఆయన పెడతారు సంతకం."

"అదెలా కుదురుతుంది? నేను రాసిచ్చిన కాగితం రేపు కోర్టులో ఎగ్జిబిట్ అవుతుంది. ఆయనే కరస్పాండెంటని నేను ఒప్పుకున్నట్టు అవుతుంది. నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలియదా?"

"పిల్లలు పరీక్ష రాయకపోతే ఏటవుతాదో అది కూడా తెలుసు."

ఆయన నా వైపు తిరిగి, "మీరైనా చెప్పండి టీచరుగారూ, కేసు తుదిదశలో ఉంది" అన్నాడు. ఆ కేసు అప్పటికి మూడేళ్లుగా తుదిదశలోనే ఉంది.

అక్కడి నుంచి వెనక వీధిలో ఉన్న అన్నగారింటికి వెళ్లాం. అది ఆమె పుట్టిల్లు. ఆమె తండ్రి ఊరూరా సైకిల్ మీద తిరిగి బైబిలు వాక్యం చెప్పిన మనిషి, ఆయన ఫోటో గోడ మీదుంది. అన్న చెల్లెల్ని చూసి సంతోషపడ్డాడు. వదినని కాఫీ పెట్టమన్నాడు. సంగతి విన్నాక కుర్చీలో వెనక్కి వాలాడు.

"బావ ఏటన్నాడు?"

"నిన్ను రాయమన్నారు."

"నేను రాస్తే కేసు పోతాది తల్లీ. లాయరు నన్ను గుమ్మం ఎక్కనివ్వడు."

"అన్నయ్యా, మన బోర్డింగు పిల్లలు. నాన్న ఊరూరా తిరిగి తీసుకొచ్చినోళ్ల మనవలూ మనవరాళ్లూ ఉన్నారు అందులో."

"నువ్వు ఊరికే బెంగెట్టుకోకు. ఆఖర్న గవర్నమెంటే ఏదో ఒకటి సేస్తాది. పిల్లల పరీక్ష ఆపితే పేపర్లు ఊరుకుంటాయేటి? ఇది సిన్న విషయం కాదు, మన హక్కు. మైనారిటీల బడి మనం కాపాడుకోపోతే రేపు ప్రతివోడూ మన నెత్తినెక్కుతాడు."

"రేపెవరో ఎక్కడం ఎందుకు. ఇప్పుడు ఎక్కి కూకున్నది మీరిద్దరే కదా" అంది ఆమె. కాఫీ తాగకుండా లేచింది. వదినగారు ఆ గ్లాసు పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.

ఆ వారంలోనే బోర్డింగు పిల్ల ఒకత్తె తల్లి వచ్చింది. భావనపాడు మనిషి. మొగుడు సముద్రం మీద చేపల వేటకి వెళ్తాడు, ఆమె ఎండుచేపలు అమ్ముతుంది. నౌపడాలో రైలెక్కి చీపురుపల్లిలో దిగి, మళ్లీ బస్సెక్కి వచ్చింది. పరీక్ష ఉంటుందో లేదో తెలియదని కూతురు ఫోనులో ఏడ్చిందట. వసారాలో పెద్ద టీచరుగారి బల్ల ముందు నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"బడి ఎవులిదమ్మా?" అని అడిగింది.

"అదే కోర్టులో ఉంది" అంది పెద్ద టీచరుగారు.

"కోర్టుకెళ్లినోళ్లు మా పిల్లలకి పాఠాలు సెప్తారేటి?"

"చెప్పరు."

"మరి ఆళ్ల సంగతి నాకెందుకు. మిమ్మల్ని సూసి నా గుంటని ఇక్కడ ఒగ్గేసినాను. పరీక్ష రాస్తాదా రాయదా, అది సెప్పండి. రాయదంటే ఇప్పుడే తీసుకుపోతాను. ఒక సంబంధం ఉన్నాది, సేసేస్తాం."

పిల్ల స్తంభం పక్కన నిలబడి నేల చూస్తోంది. పెద్ద టీచరుగారు ఆ పిల్లని చూసింది. తల్లి వైపు తిరిగి "రాస్తాది. మీరెళ్లండి" అంది.

ఆ మధ్యాహ్నం ఆమె స్టాఫ్‌రూములో కూర్చుని దరఖాస్తు నింపింది. కరస్పాండెంటు సంతకం ఉండాల్సిన చోట తన సంతకం పెట్టింది. నిర్వహణ మీద వివాదం కోర్టులో ఉన్నందున, పిల్లల పరీక్షల మట్టుకు పాఠశాల బాధ్యత ప్రధానోపాధ్యాయురాలిగా నాదే అని కింద రాసింది. మాలో ఒకరిద్దరు వద్దన్నారు. మీ ఇద్దరు మగవాళ్లూ ఊరుకోరండీ అన్నారు. ఆమె కలం మూత పెట్టి, "ఊరుకోమని నేనడగలేదు" అంది.

మర్నాడు ఇద్దరం మళ్లీ విజయనగరం వెళ్లాం. ఈసారి సూపరింటెండెంటు దగ్గర ఆగకుండా నేరుగా ఆఫీసరు గదికి వెళ్లింది. ఆఫీసరు కాగితం చదివి, "మీ మీద కేసు పడుతుందేమో ఆలోచించుకున్నారా?" అని అడిగారు. "ఇంట్లో ఇద్దరు వాదులున్నారు సార్, నేను కొత్తగా భయపడేదేమీ లేదు" అందామె. ఆయన కాగితం అంచున, విద్యార్థుల ప్రయోజనం దృష్ట్యా అనుమతించడమైనదని ఒక వాక్యం రాసి సంతకం పెట్టారు. పిల్లలకి హాల్ టికెట్లు వచ్చాయి. అందరూ పరీక్ష రాశారు. భావనపాడు పిల్ల మంచి మార్కులతో పాసై, తర్వాత శ్రీకాకుళంలో నర్సింగులో చేరింది.

పరీక్షలు అయ్యాక సస్పెన్షన్లు వచ్చాయి.

భర్త ఆర్డరు బడికి వచ్చింది. ఆమె పొద్దున్న ఆయనకి టిఫిను పెట్టి వచ్చాక, అటెండరు చేత పంపించాడు. అన్న ఆర్డరు రిజిస్టర్ పోస్టులో ఆమె ఇంటికి వెళ్లింది. రెండూ పక్కపక్కన పెట్టి చదివాను. వేర్వేరు లాయర్లు రాసినా మాటలు దాదాపు ఒకటే. మైనారిటీ విద్యాసంస్థ హక్కులకి భంగం కలిగించింది. సంస్థ నిర్వహణని బయటివారి పరం చేసింది. లేని అధికారాన్ని చలాయించింది. ఎన్నికల దగ్గర్నుంచి ఏ ఒక్క సంగతిలోనూ కలవని ఆ ఇద్దరూ దీనిలో కలిశారు. వాళ్ల సంఘం పిల్లల చేత పరీక్ష రాయించడం వాళ్ల సంఘానికి చేసిన ద్రోహం అయింది.

ఇంటికొచ్చిన రిజిస్టర్ పోస్టుని ముందు భర్తే విప్పాడట. ఆ సాయంత్రం జరిగింది ఆమె నాకు చెప్పింది. ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే ఆయన కాగితం పట్టుకుని ఎదురొచ్చాడు.

"చూశావా, మీ అన్న నిన్ను సస్పెండ్ చేశాడు. సొంత చెల్లెలని కూడా చూడలేదు. దీని మీద వెంటనే కేసు వెయ్యాలి. నేను లాయరుతో మాట్లాడతాను" అన్నాడట, నిజంగానే బాధపడుతూ.

"మరి పొద్దున్న మీరు పంపింది?"

"నాది వేరు. నాది చట్టప్రకారం ఇచ్చింది."

ఆమె వంటింట్లోకి వెళ్లి ఆ పూట వంట చేసింది. మర్నాడు బట్టలు సర్దుకుని బొబ్బిలిలో చెల్లెలింటికి వెళ్లిపోయింది. ఆడదానికి మెట్టినింట్లో కష్టమొస్తే పుట్టిల్లుంటుందంటారు. ఆమెకి రెండిళ్లూ ప్రతివాదులే.

సస్పెన్షన్ చెల్లాలంటే విద్యాశాఖ ఒప్పుకోవాలి. వాళ్లు ఒప్పుకోలేదు. కాదనీ అనలేదు. ఎవరిచ్చిన సస్పెన్షన్‌ని పరిశీలించాలో తేలాలంటే కరస్పాండెంటు ఎవరో తేలాలన్నారు. ఆమె తనే కోర్టుకి వెళ్లింది. తన మీద మోపిన మాటలు తప్పని రాసివ్వమని మాత్రమే ఆమె అడిగింది. నన్ను సాక్షిగా పిలిచారు.

విజయనగరం కోర్టులో బోనెక్కడం నాకు అదే మొదటిసారి. రెండు పక్షాల లాయర్లూ నన్ను ప్రశ్నించారు. అన్నగారి లాయరు ముందు లేచాడు.

"మీ మతం ఏమిటమ్మా?"

"హిందువునండి."

"క్రైస్తవ సంఘంలో మీకు సభ్యత్వం లేదు కదా?"

"లేదండి."

"అయితే ఆ సంస్థ నిర్వహణ గురించి మీకు తెలిసే అవకాశం లేదు."

"నిర్వహణ గురించి నాకు తెలియదు. బడి గురించి తెలుసు. నేను అక్కడే చదువుకున్నాను, అక్కడే..."

"అడిగినదానికే చెప్పండి."

భర్తగారి లాయరు లేచి, ఆయన అడిగినవే మాటలు మార్చి అడిగాడు. నేను ఆ బడిలో ఎంతకాలంగా ఉన్నానో, ఎంతమందికి పాఠం చెప్పానో ఇద్దరిలో ఎవరూ అడగలేదు. బోను దిగి వస్తుంటే నా మొహం మీద బొట్టుని అందరూ చూస్తున్నట్టు అనిపించింది. ఆ ప్రార్థనలో నిలబడి పెరిగినదాన్ని, ఆ బోర్డింగు గంజి తాగి బతికినదాన్ని. నేను ఆ బడికి బయటిదాన్నని నాకు ఆ రోజు తెలిసింది. బయట వరండాలో భర్తా, అన్నా ఒకే టీ కొట్టు వాడి దగ్గర టీ తాగుతున్నారు. "బావా, పంచదార ఎక్కువేసినాడు కదా" అంటున్నాడు అన్న. పెద్ద టీచరుగారు వాళ్లని దాటుకుని వెళ్లి, మెట్ల మీద నా కోసం నిలబడింది. "బాగా చెప్పావు" అంది. నేనేమీ చెప్పలేదని మా ఇద్దరికీ తెలుసు.

వాయిదాలు నడుస్తూనే ఉన్నాయి. ఈలోగా ఊళ్లోకి ఇంగ్లీషు మీడియం స్కూళ్ల పసుపు వ్యాన్లు వచ్చాయి. తాళాలేసిన బడికి పిల్లల్ని ఎవరు పంపుతారు. సంఘంలోని క్రైస్తవ కుటుంబాలే ముందు తీసుకుపోయాయి. బోర్డింగు మూసేశారు. మా లాంటి టీచర్లని ప్రభుత్వ బళ్లలోకి తీసుకున్నప్పుడు నన్ను బొబ్బిలి వైపు ఒక జిల్లాపరిషత్ హైస్కూలుకి వేశారు. నేను వచ్చేసిన రోజున మా బడి వసారాలో మేకలు పడుకుని ఉన్నాయి. పెద్ద టీచరుగారికి సస్పెన్షన్‌లో ఉండగానే రిటైరయ్యే వయసు వచ్చింది. మా బడిలో రిటైరయ్యే టీచరుకి పిల్లలు ప్రార్థనలో పాట పాడి, పూలదండ వేసి, గేటు దాకా నడిచి వెళ్లి సాగనంపేవారు. ఆమె ఎంతోమందికి దగ్గరుండి ఆ పని చేయించింది. ఆమె రిటైరైన రోజు బొబ్బిలిలో చెల్లెలు పప్పూ, వంకాయ కూరా వండింది. నేను వెళ్లి తిని వచ్చాను.

ఆ తర్వాత ఎంతోకాలం పట్టలేదు, బావలిద్దరూ రాజీపడ్డారు.

రాజీ షరతులు ఊరంతా చెప్పుకున్నారు. ఇద్దరూ వంతులవారీగా కరస్పాండెంట్లు. ముందు జాగా ఒక బట్టల షోరూముకి లీజు. ఒకరి మీద ఒకరు చేసుకున్న ఆరోపణలన్నీ వెనక్కి. దేవుడి జాగాలో కొట్లేమిటని ఎవరూ అడగలేదు. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లు ఈ రోజు కూడా కొట్టారు. సమాధానం కుదిరినందుకు చర్చిలో కృతజ్ఞతా ఆరాధన పెట్టి పాత స్టాఫుని కూడా పిలిచారు. వెళ్లాను. ఇద్దరూ బలిపీఠం ముందు కౌగిలించుకున్నారు. కళ్లనీళ్లు పెట్టుకున్నారు కూడా. బయట షామియానా కింద బిర్యానీ వడ్డిస్తుంటే నేను అన్నగారి దగ్గరికి వెళ్లాను.

"టీచరుగారి సంగతి రాజీలో రాశారా అండీ?"

ఆయన ఒక క్షణం అర్థం కానట్టు చూశాడు. "ఓ, అదా. అది స్టాఫు మేటరమ్మా. కమిటీలో పెడతాం."

పక్కనే ఉన్న భర్త నవ్వి, "రిటైరైపోయింది కదండీ. ఇంకా సస్పెన్షన్ ఎక్కడుంది?" అన్నాడు.

"ఆమె తప్పు చేసిందని రాసి ఉంది కదండీ. అది అలాగే ఉంటుందా?"

"అవన్నీ ఇప్పుడు ఎవరు చూస్తారు టీచరుగారూ. భోంచెయ్యండి."

నేను భోంచెయ్యలేదు. ఆకలి లేక కాదు. ఆ విస్తరి ముందు కూర్చుంటే ఆ రాజీకి నేనూ సంతకం పెట్టినట్టు అనిపించింది. బస్టాండులో అరటిపళ్లు కొనుక్కుని తిన్నాను.

ఆ రాజీ పత్రం చూసి కోర్టు అసలు కేసు మూసేసింది. కొన్నాళ్లకి పెద్ద టీచరుగారి పిటిషన్ కూడా మూసేసింది. నిర్వహణ వివాదం పరిష్కారమైనందువల్ల, పిటిషనరు పదవీ విరమణ చేసినందువల్ల ఇక విచారించడానికి ఏమీ మిగలలేదట. ఆమె తప్పు చేసిందా లేదా అనేది ఎవరూ చెప్పలేదు. రెండు ఆర్డర్లూ రద్దు కాలేదు. కాబట్టి కాగితం మీద ఆమె ఇప్పటికీ తన సంఘం బడిని బయటివాళ్లకి అప్పగించిన మనిషే.

ఆ మధ్య భర్త బొబ్బిలి వచ్చాడట. తీసుకెళ్లడానికి. "అంతా అయిపోయింది కదా, రా" అన్నాడట.

"మీది అయిపోయింది. నాది అవలేదు" అందట ఆమె.

"ఇంకేం కావాలి నీకు?"

"మీరు నా మీద రాసింది అబద్ధమని, అదే కాగితం మీద, అదే లెటర్‌హెడ్డు మీద రాసివ్వండి. సాయంత్రం బస్సుకి వచ్చేస్తాను."

ఆయన కమిటీని అడగాలన్నాడట. కమిటీ అంటే ఆయనా, ఆమె అన్నా. మళ్లీ రాలేదు. అన్న క్రిస్మస్‌కి చీర పంపించాడు. దాన్ని ఆమె చెల్లెలి పనమ్మాయికి ఇచ్చేసింది.

బడి ఇప్పుడూ ఉంది. పిల్లలు అయిదు తరగతులకీ కలిపి ఒక్క గదిలో సరిపోతారు. షోరూము అద్దాల వెనక నిలబెట్టిన చీర కట్టిన బొమ్మల మధ్య నుంచి చూస్తే బడి పెంకులు కనిపిస్తాయి. గేటు మీద బోర్డు కొత్తగా రాయించారు. మైనారిటీ విద్యాసంస్థ అన్న మాట మునుపటికన్నా పెద్ద అక్షరాల్లో ఉంది.

పోయిన నెలలో ఒక ఆదివారం ఆమెని చూడటానికి వెళ్లాను. చర్చి నుంచి అప్పుడే వచ్చింది. ఆ ఊరి చర్చిలో వెనక వరసలో కూర్చుంటుందని, కానుక వేసి, పాస్టరుకి దండం పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చేస్తుందని చెల్లెలు చెప్పింది. మోకాళ్ల నొప్పులు. జుట్టు పూర్తిగా నెరిసింది. మా స్కూలు గురించి, పదో తరగతిలో ఎంతమంది ఉన్నారు, ల్యాబు ఉందా, అన్నీ అడిగింది. నేను ఎన్నాళ్లుగానో దాచుకున్న ప్రశ్న అడిగాను.

"మళ్లీ అదే పరిస్థితి వస్తే సంతకం పెడతారా టీచరుగారూ?"

"పెడతాను" అంది వెంటనే. కాస్త ఆగి, "ఆళ్లిద్దరి గుమ్మాలూ మటుకు తొక్కను. అది ఒక్కటే నాకు ఇప్పటికీ మండిపోతాది. ఆ సాయంత్రం ఎందుకెళ్లి అడిగేనా అని."

లోపల్నుంచి చెల్లెలు భోజనానికి పిలిచింది. ఆమె మోకాలి మీద చెయ్యి పెట్టుకుని లేచింది. నేను సాయం పట్టబోతే వద్దంది.